ఊపిరక్క అట్టముక్కలు

మా ఎక్స్‌రే విభాగంలో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసిన ఆవిడ అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా కనపడదు. అందరికీ ఆవిడ ఊపిరక్క. పొద్దున ఎనిమిది గంటల నుంచి “ఊపిరి పీల్చు... బిగబట్టు... ఆ, వదులు” అని రోజుకి నూరుసార్లు అనే మనిషికి ఇంకే పేరు పెడతారు? ఆ మాట ఆవిడ నాలుక మీద ఎంతగా తిష్ఠ వేసిందంటే, వాళ్ళమ్మాయి పెళ్ళిలో ఫోటోగ్రాఫర్ “రెడీ” అనగానే ఈవిడ అలవాటు కొద్దీ “అందరూ ఊపిరి బిగబట్టండి” అని కేక వేసింది. పెళ్ళికూతురితో సహా పదిహేనుమంది బుగ్గలు పూరించుకుని నిలబడ్డ ఆ ఫోటో ఇప్పటికీ వాళ్ళింట్లో గోడకి ఉంది. బస్సు నడిపే వాళ్ళాయన ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ దాన్ని చూపించి మరీ నవ్వుతాడు.

ఆవిడ రిటైరైన రోజు సభలో మాట్లాడిన వాళ్ళందరూ “ఓర్పుకి మారుపేరు” అన్నారు. వెనక వరసలో కూర్చుని నేను పళ్ళు నూరుకున్నాను. ఓర్పా? ఆవిడకా? ఆవిడ కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉండేది. చంటిపిల్లలతో తప్ప మరెవరితోనూ ఆవిడ ఓర్చుకోగా నేను చూడలేదు. నాతో ఒకసారి ఆరు వారాలు మాట్లాడలేదు. ఆ సంగతే చెబుతాను. చెబితే నా పరువు కొంత పోతుంది. పోనీ.

నేను ఈ ఆసుపత్రికి వచ్చేటప్పటికే ఇంకోచోట తొమ్మిదేళ్ళు పనిచేసి ఉన్నాను. కంప్యూటర్‌తో నడిచే మెషిన్లు నాకు కొట్టిన పిండి. కాస్త గర్వం ఉండేదని ఒప్పుకుంటాను. కాస్త కాదు, బాగానే ఉండేది. చేరిన మొదటి రోజే ఊపిరక్క తన చేతిసంచీ లోంచి అట్టముక్కల కట్ట ఒకటి తీసి నా ముందు పెట్టింది. అరచేతంత ముక్కలు. ఒక్కోదాని మీద స్కేలు పెట్టి గీసిన నాలుగు నిలువు గళ్ళు.

“ఇవేంటక్కా?”

“పిల్లల కార్డులు. పదహారేళ్ళ లోపు ఎవరొచ్చినా ఒకటి రాసి తల్లి చేతికివ్వు. తారీఖు, ఏ భాగం తీశావు, పిల్ల బరువెంత, మెషిన్‌కి నువ్విచ్చిన కిరణాల అంకె ఎంత. మళ్ళీ వచ్చినప్పుడు తెచ్చుకుంటారు, దాని కిందే రాయి.”

“అన్నీ కంప్యూటర్‌లో ఉంటాయిగా?”

“తల్లి ఇంకో ఆసుపత్రికి పోతే నీ కంప్యూటర్ నెత్తిన పెట్టుకుని పోతుందా? రాయమన్నాను, రాయి.”

ఆ అట్టముక్కల కథ తర్వాత ఒకరోజు మధ్యాహ్నం అన్నం తింటూ చెప్పింది. ఫిల్ముల కాలంలో పెట్టెల్లో ఫిల్ములు వంగకుండా గట్టి అట్టలు పెట్టేవారట. పని నేర్చుకున్న కొత్తలో పదకొండు నెలల బాబుకి ఛాతీ ఫోటో తీయాల్సి వచ్చింది. బాబు ఏడుపు, కదలడం. ఒకటి చెదిరింది, ఇంకోటి సగమే వచ్చింది. మొత్తం ఆరు తీస్తే ఒకటి పనికొచ్చింది. అప్పటి పై అధికారి ఆవిడని నలుగురి ముందూ నిలబెట్టి కడిగేశాడు. ఐదు ఫిల్ములు దండగ చేశావన్నాడు.

“ఫిల్ము గురించి అందరూ అడిగారు. బిడ్డ గురించి ఒక్కళ్ళూ అడగలేదు,” అంది ఊపిరక్క. “ఆ బాబు ఛాతీ మీద నేను ఆరుసార్లు కిరణాలు వేశాను. ఐదు చెత్తబుట్టలో ఉన్నాయి, ఒకటి డాక్టరు బల్ల మీద ఉంది. మరి ఆరు అన్న లెక్క ఎక్కడుంది? ఎక్కడా లేదు. ఇంటికి పోయి ఆ రాత్రంతా ఏడ్చాను. మర్నాడు పెట్టెలోంచి అట్ట తీసి కోశాను.”

ఫిల్ములు పోయి కంప్యూటర్లు వచ్చినా ఆవిడ దాచుకున్న అట్టలు అయిపోలేదు. అలమర నిండా ఉండేవి.

ఆవిడ పని చూస్తే ఎవరికైనా విసుగు పుడుతుంది. చంటిపిల్ల వస్తే ముందు బరువు తూస్తుంది. తూకం యంత్రం పక్క వార్డులో ఉంటే అక్కడిదాకా నడుస్తుంది. తర్వాత పిల్ల పొట్ట మీద చెయ్యి వేసి, ఊపిరి ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ మొదలవుతుందో ఊరికే చూస్తూ నిలబడుతుంది. మీట ఒక్కసారే నొక్కుతుంది. నేను మూడు ఫోటోలు తీసే లోపల ఆవిడ ఒకటి తీస్తుంది. పైగా డాక్టర్లు పంపిన చీటీలు వెనక్కి తిప్పి పంపుతుంది. “ముక్కు కారుతోందని ఛాతీ ఫోటో ఎందుకు డాక్టరుగారూ? ముక్కు తుడిస్తే సరిపోదా?” అని కుర్ర డాక్టర్లని ఫోన్‌లో నిలదీస్తుంటే నాకు నవ్వాగేది కాదు. వెనక నుంచి అందరూ పిసినారి అనేవాళ్ళు. ఆవిడ వినేది. విని, “పిల్లల దగ్గర పిసినారితనమే మంచిది” అనేది.

ఇక నా సంగతి. ఫిల్ముల కాలంలో కిరణాలు ఎక్కువైతే ఫిల్ము నల్లగా మాడిపోయేది. తప్పు కళ్ళెదుటే కనపడేది. కంప్యూటర్ వచ్చాక ఆ భయం పోయింది. ఎంత ఎక్కువ వేసినా మెషిన్ తనంతట తానే సర్దుకుని అందమైన ఫోటో చూపిస్తుంది. ఇంకా చెప్పాలంటే, ఎక్కువ వేసేకొద్దీ ఫోటో ఇంకా నున్నగా వస్తుంది. తక్కువ వేస్తే ఇసుక చల్లినట్టు గరుగ్గా ఉంటుంది. ఊపిరక్క ఫోటోల్లో ఆ గరుకు కొంచెం ఉండేది. నావి అద్దంలా ఉండేవి. ఫోటోలు చదివి రిపోర్టు రాసే పెద్ద డాక్టరు ఒకరోజు తెర మీద రెండూ పక్కపక్కన పెట్టి, “చూడండమ్మా, ఈయన ఎలా తీస్తున్నాడో! మీరు కూడా నేర్చుకోవచ్చుగా” అన్నాడు. నేను ఆ రోజు ఇంటికి తేలుతూ వెళ్ళాను.

పొగిడితే ఊరుకుంటామా? అంకె ఇంకొంచెం పెంచాను. మళ్ళీ మెచ్చుకున్నాడు. ఇంకొంచెం. చాప కింద నీరులా ఏడాదిలో ఎక్కడికి చేరానో నాకే తెలియదు. అయినా ప్రతి పిల్ల కార్డు మీదా అంకె నిజాయితీగానే రాశాను. తప్పని తెలిస్తే కదా దాచడానికి?

ఆ రోజుల్లోనే ఒక దర్జీ తన కూతుర్ని తీసుకుని మా దగ్గరికి రావడం మొదలుపెట్టింది. పిల్లకి పదకొండేళ్ళు. సన్నగా, పొడుగ్గా, ప్రశ్నల పుట్టలా ఉండేది. దాని వెన్ను పక్కకి వంగుతోందని మొట్టమొదట పట్టుకున్నది ఏ డాక్టరూ కాదు, ఈ తల్లే. పిల్లకి గౌను కుడితే అంచు ఒకవైపు పైకి లేచిందట. విప్పి మళ్ళీ కుట్టింది. మళ్ళీ లేచింది. మూడోసారి కుట్టాక టేపు కింద పెట్టి, వంకర గౌనులో లేదని అర్థమై, అక్కడే కూలబడిపోయిందట. ఎముకల డాక్టరు చూసి నడుముకి బిగించే గట్టి బెల్టు ఇచ్చాడు. ఎదిగే వయసు కాబట్టి నాలుగైదు నెలలకోసారి ఫోటో తీసి వంపు ఎంత పెరిగిందో కొలవాలన్నాడు. మొదట ఇరవై ఐదు డిగ్రీలు ఉంది. నలభై ఐదు దాటితే కత్తి పడాల్సిందే, వెన్నుకి కడ్డీలు వేయాల్సిందే.

ఆ తల్లి నన్ను అన్నయ్యా అనేది, ఊపిరక్కని అక్కా అనేది. దాంతో పిల్లకి నేను మామయ్యని, ఆవిడ ఊపిరి పెద్దమ్మ అయిపోయాం. ఒకసారి నేను తీస్తే ఇంకోసారి ఆవిడ తీసేది. ఆవిడ పిల్లని ఫోటో పడే పలక వైపు తిప్పి, వీపు మెషిన్ వైపు ఉండేలా నిలబెట్టేది. పిల్ల కళ్ళెదురుగా గోడకి ఒక పిల్లి బొమ్మ అంటించి ఉండేది, దిక్కులు చూడకుండా. నేను మాత్రం నావైపు తిప్పి నిలబెట్టేవాణ్ణి. ముఖం కనపడితే చెప్పడం తేలిక కదా అని.

అయిదోసారి వచ్చినప్పుడు వంతు ఊపిరక్కది, కానీ ఆవిడ వార్డులో ఉండడంతో నేనే తీయబోయాను. పిల్ల బూట్లు విప్పుతోంది. తల్లి కార్డు తీసి, నాకివ్వకుండా దానివైపే చూస్తూ నిలబడింది.

“అన్నయ్యా, ఒక్కమాట. ఈ చివరి గడిలో రాసేది కిరణాల కొలతే కదా?”

“అవునమ్మా.”

“పన్నెండు. ముప్పై. పన్నెండు. ముప్పై ఆరు.” వేలు పెట్టి ఒక్కొక్కటీ చదివింది. “పిల్ల అదే, వెన్ను అదే. అక్క రాసినప్పుడు పన్నెండు, మీరు రాసినప్పుడు ముప్పై ఆరు. ఒకే మనిషిని ఇద్దరు దర్జీలు కొలిస్తే అరంగుళం తేడా వస్తుంది అన్నయ్యా. మూడింతలు ఎలా వస్తుంది?”

ఆ క్షణంలో నిజంగానే నాకు జవాబు తెలియదు. తెలియదని చెప్పి ఉంటే సరిపోయేది. నా నోరు ఊరుకోలేదు.

“అది మెషిన్‌ని బట్టి మారుతుందమ్మా. మీకివన్నీ అర్థం కావు, కంగారు పడకండి.”

“అన్నిసార్లూ ఇదే మెషినే కదా?”

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఆవిడ నా ముఖంలోకి చూసింది. కిందికి వంగి పిల్ల బూట్లు మళ్ళీ తొడిగింది. “పదవే,” అంది. పిల్ల “మామయ్యా, ఇవాళ ఫోటో లేదా?” అని తిరిగి తిరిగి చూస్తూ వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం ఊపిరక్క, ఫోటో తీయకుండా చీటీ ఒకటి మిగిలిందని చూసి అడిగింది. సగం చెప్పి సగం మింగాను. ఆవిడ కుర్చీ లాక్కుని కంప్యూటర్ ముందు కూర్చుంది. ఏడాదిలో నేను తీసిన పిల్లల ఫోటోలు ఒక్కొక్కటే తెరిచి, మూలనున్న అంకె చూసి, మూసేసింది. గంటన్నర పట్టింది. నేను ఆవిడ వెనకాలే నిలబడి ఉన్నాను.

“గోటితో పోయేదానికి గొడ్డలి పట్టుకున్నావు,” అంది చివరికి. “పైగా ఆడపిల్లని నీవైపు తిప్పి నిలబెట్టావు. ఎదిగే ఛాతీ అది. వీపు వైపు నుంచి తీస్తే, ఒళ్ళు దాటి అక్కడికి చేరేసరికి కిరణాలు చాలావరకు తగ్గిపోతాయి. ఇంత చదివావు, ఎవరూ చెప్పలేదా?”

చెప్పారు. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఆ మాట ఆవిడతో అనే ధైర్యం లేకపోయింది.

“సరే, చేశావు. తిలాపాపం తలా పిడికెడు. నీ అంకెలు నేనూ ఏడాదిగా చూడలేదు. కానీ ఆ తల్లి అడిగినప్పుడు ‘మీకర్థం కాదు’ అన్నావు చూడు, అందులో నాకు వాటా లేదు,” అని లేచింది. అంతే. ఆ రోజు నుంచి ఆవిడ నోట నాకు “ఊపిరి బిగబట్టు” తప్ప ఇంకోమాట వినపడలేదు. అదీ అద్దం అవతల రోగికి చెప్పిందే.

మర్నాడు పొద్దున ఆవిడ చేసిన పని నేను చచ్చేదాకా మర్చిపోను. ఆ పిల్లవి పాత ఫోటోలు నాలుగూ పేరూ తారీఖూ కనపడకుండా, మూలనున్న అంకెలు కూడా కనపడకుండా కప్పి, కలగలిపి, పెద్ద డాక్టరు తెర మీద పెట్టింది. “వంపు కొలిచి చెప్పండి డాక్టరుగారూ,” అంది. ఆయన గీతలు గీసి కొలిచాడు. ఇరవై ఆరు, ఇరవై ఐదు, ఇరవై ఆరు, ఇరవై ఆరు.

“ఇప్పుడు ఏవి మసకవో, ఏవి అద్దాల్లాంటివో చూడండి. మసకవాటిలో కొలత ఏమైనా తప్పిందా?”

ఆయన మళ్ళీ తెర వైపు వంగి చూశాడు. మంచివాడే, కాకపోతే ఫోటో అందంగా ఉంటే పసిపిల్లాడిలా మురిసిపోతాడు. తర్వాత ఆవిడ కప్పినవన్నీ తీసి అంకెలు చూపించింది.

“నాకు అందమైన ఫోటోలు అడిగే అలవాటు ఉందమ్మా,” అన్నాడాయన నెమ్మదిగా. “ఈ మసక ఫోటో చాలు. ఇంకా తగ్గించినా చాలేమో చూద్దాం.”

ఆ వారమే ముగ్గురం కూర్చుని పిల్లల బరువుని బట్టి ఏ భాగానికి ఎంత మించకూడదో రాసి గోడకి అంటించాం. ముగ్గురం అంటే వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నారు, నేను రాశాను. అంతా బాగానే ఉంది. దర్జీ కూతురు మాత్రం రాలేదు. ఫోన్ చేస్తే తల్లి ఎత్తలేదు. ఎముకల డాక్టరు దగ్గర వాకబు చేస్తే, అక్కడికీ రావడం మానేసిందన్నారు. వెళితే మళ్ళీ ఫోటో అంటారని భయం. బెల్టు బిగువు చూసేవాళ్ళు లేరు, వంపు కొలిచేవాళ్ళు లేరు. పిల్ల ఎదుగుతూనే ఉంటుంది. నాకు అన్నం సహించేది కాదు. ఎక్కువ వేసి చేసిన తప్పు కంటే, ఆ తల్లిని బెదరగొట్టి పంపిన తప్పు పెద్దదైపోతోందని తెలుస్తూనే ఉంది.

ఆరో వారం శనివారం డ్యూటీ దిగుతుంటే ఊపిరక్క నా ముందుకొచ్చి నిలబడింది.

“చెప్పులేసుకో. పద.”

ఎక్కడికని అడగలేదు. ఆరు వారాల తర్వాత మాట్లాడిన మనిషిని ప్రశ్నలడిగేంత వెర్రివాణ్ణి కాదు.

దర్జీ కొట్టు ఒక మేడమెట్ల కింది గది. రెండు కుట్టుమిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల, నేలంతా ముక్కలు. తల్లి మెడలో టేపు వేసుకుని సుద్దతో గుడ్డ మీద గీస్తోంది. మమ్మల్ని చూసి సుద్ద కింద పెట్టలేదు. ఊపిరక్కకి స్టూలు జరిపింది. నావైపు చూడకుండా, “సార్‌ని కూడా కూర్చోమనండక్కా,” అంది.

అన్నయ్య కాస్తా సార్‌ అయ్యాడు. చెంపదెబ్బ అయితే ఇంకా నయం.

“నేనే చెబుతానమ్మా,” అన్నాను. “మీ పిల్లకి నేను ఎక్కువ వేశాను. రెండుసార్లు. మెషిన్‌ది తప్పు కాదు, నాది. మీరడిగిన రోజు తెలియదని చెప్పాల్సింది. అబద్ధం చెప్పాను.”

ఆవిడ సుద్ద కింద పెట్టింది. “మా పిల్లకి ఏమవుతుంది?” అని ఊపిరక్కని అడిగింది. ఆ ప్రశ్న కోసమే ఆవిడ ఆరు వారాలుగా నిద్ర మానుకుని ఉంటుంది, కళ్ళు అలా ఉన్నాయి.

ఊపిరక్క స్టూలు ముందుకి జరుపుకుంది. “నీకు నచ్చేలా చెప్పనా, ఉన్నది చెప్పనా?”

“ఉన్నదే చెప్పండక్కా.”

“అయితే విను. ఆ ఎక్కువ పడ్డదాని వల్ల ఏదైనా అయ్యే అవకాశం చాలా చాలా తక్కువ. లేదని మాత్రం చెప్పను. పిల్లల ఒళ్ళు ఎదిగే ఒళ్ళు, ముందు బతకాల్సిన ఏళ్ళు బోలెడు. అందుకే వాళ్ళకి అవసరమైనంతే వేయాలి, చిటికెడు ఎక్కువ కూడా వేయకూడదు. మావాడు చిటికెడు కాదు, గుప్పెడు వేశాడు. తిట్టు, నీకు హక్కుంది. నేనూ తిట్టాను. కానీ ఫోటోనే వద్దంటే ఎలా? ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా? కిరణాల వల్ల వచ్చేది వస్తుందో రాదో ఎవరికీ తెలియదు. వెన్ను వంపు మాత్రం ఈ నిమిషం కూడా కూర్చుని ఉండదమ్మా.”

మిషన్ వెనకాల నుంచి పిల్ల తల బయటికి వచ్చింది. “ఊపిరి పెద్దమ్మా, బెల్టు బిగుతుగా ఉంది. రాత్రుళ్ళు అమ్మకి తెలియకుండా ఒక పట్టీ వదులు చేసుకుంటున్నా,” అంది.

తల్లి ముఖం పాలిపోయింది. కూతుర్ని దగ్గరికి లాక్కుని, గౌను మీంచి భుజాలు, నడుము రెండు చేతులతో తడిమింది. కొలిచే చేతులు కదా, వాటికి తెలిసిపోయింది. కళ్ళనీళ్ళు తుడుచుకోకుండానే, “సోమవారం తీసుకొస్తాను. కానీ మీరే తీయాలి అక్కా. ఆయన వద్దు,” అంది.

“నేనే తీస్తాను. పన్నెండు మించను,” అంది ఊపిరక్క. నేను తల ఊపాను. నన్నెవరూ అడగలేదు, అయినా ఊపాను.

సోమవారం ఊపిరక్క తీసింది. వంపు ముప్పై ఒకటి. ఆ పోయిన నెలల్లో అయిదు డిగ్రీలు పెరిగింది. పిల్ల ఎదిగి బెల్టు చాలకుండా పోయింది. కొత్తది చేయించారు. ఎముకల డాక్టరు “ఇంకో రెండు మూడు నెలలు ఆలస్యమైతే నా చేతిలో ఉండేది కాదు” అన్నాడట. ఆ అయిదు డిగ్రీలు నావి. ఆ పిల్ల ఎప్పుడు నడిచి వెళుతున్నా వెనకనుంచి నేను వాటినే చూసేవాణ్ణి.

ఆ తర్వాత రెండేళ్ళు నేను ఊపిరక్క దగ్గర మళ్ళీ పని నేర్చుకున్నాను. పిల్లలకి బరువు తూశాను. పొట్ట మీద చెయ్యి వేసి ఊపిరి చూడడం నేర్చుకున్నాను. అనవసరపు చీటీలు నేను కూడా వెనక్కి తిప్పడం మొదలుపెట్టాను. మొదటిసారి ఒక కుర్ర డాక్టరు నామీద అరిచినప్పుడు, పక్కనుంచి ఊపిరక్క నా చేతిలో ఫోన్ లాక్కుని ఇంకా గట్టిగా అరిచింది. గోడ మీద అంకెల్ని కూడా పెద్ద డాక్టరూ మేమూ కలిసి కొంచెం కొంచెంగా దించుకుంటూ వచ్చాం. తగ్గించి చూడడం, ఆయన కొలత కుదిరిందనడం, ఇంకొంచెం తగ్గించడం. దర్జీ కూతురికి మాత్రం ప్రతిసారీ ఊపిరక్కే తీసింది. తల్లి నన్ను చూసి “బాగున్నారా సార్‌” అనేది, మర్యాదగా. వంపు ముప్పై ఒకటి. ముప్పై. ముప్పై ఒకటి.

ఊపిరక్క రిటైరవడానికి ఇంకా పదిహేను రోజులుందనగా వాళ్ళు మళ్ళీ వచ్చారు. పిల్లకి పద్నాలుగు నిండాయి. ఎదుగుదల దాదాపు ఆగింది. ఈ ఒక్క ఫోటోలో వంపు నిలబడి ఉంటే ఇక బెల్టు తీసేయొచ్చన్నాడు ఎముకల డాక్టరు. పెరిగి ఉంటే మాత్రం మళ్ళీ కత్తి మాట వస్తుంది. తల్లి కార్డు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఆ కార్డు మూలలు అరిగిపోయి, ఒక చోట దారంతో కుట్టి ఉంది.

ఊపిరక్క స్టూలు మీద నుంచి లేవలేదు. “నా కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయానమ్మా. అంకెలు కనపడటం లేదు. రేపు రండి,” అంది. ఆవిడ కళ్ళజోడు చేతిసంచీలోంచి తొంగి చూస్తూనే ఉంది. నాకు కనపడింది. తల్లికీ కనపడే ఉంటుంది.

తల్లి ఆవిడని చూసింది, నన్ను చూసింది, కూతుర్ని చూసింది. తర్వాత రెండడుగులు వేసి కార్డు నా చేతిలో పెట్టింది.

పిల్లని పలక వైపు తిప్పి నిలబెట్టాను. వీపు నావైపు. పిల్లి బొమ్మ ఇప్పుడు దాని గడ్డం కిందికి వచ్చింది. “మామయ్యా, పిల్లి పొట్టిదైపోయింది,” అని నవ్వింది. అద్దం ఇవతలికి వచ్చి అంకె పెట్టాను. మైకులో చెప్పాను. “ఊపిరి పీల్చు. బిగబట్టు.” మీట నొక్కాను.

వీపు కదల్లేదు. భుజాలు కదల్లేదు. తెర మీద వెన్ను మెల్లగా తేలుతోంది. కొంచెం గరుగ్గా, ఇసుక చల్లినట్టు, కానీ ఒక్కో ఎముక అంచు స్పష్టంగా ఉంది. నేను దాన్నే చూస్తూ నిలబడిపోయాను.

“ముందు నువ్వు వదులు నాయనా,” అంది వెనకనుంచి ఊపిరక్క. “తర్వాత పిల్లకి చెప్పు. పాపం, నీలంగా మారేలా ఉంది.”

అప్పుడు తెలిసింది నేనూ బిగబట్టానని. వదిలాను. మైకులో చెప్పాను. అవతల పిల్ల హమ్మయ్య అంటూ వంగిపోయి నవ్వుతోంది. పెద్ద డాక్టరు వచ్చి గీతలు గీసి కొలిచి, మళ్ళీ కొలిచి, ముప్పై అన్నాడు. నిలబడింది.

కార్డులో చివరి వరస ఒక్కటే మిగిలి ఉంది. తారీఖు, వెన్ను, నలభై కిలోలు రాసి, చివర తొమ్మిది అని వేశాను. “తొమ్మిదా! నన్ను మించిపోయావే,” అంది ఊపిరక్క గదికి అవతలి చివర నుంచి, కళ్ళజోడు లేకుండానే. తల్లి కార్డు అందుకుంది. మొదటి నుంచి చివరిదాకా అంకెల మీద వేలు నడిపింది, ముప్పై ఆరు దగ్గర ఒక క్షణం ఆగి కిందికి వచ్చింది. తొమ్మిది దగ్గర వేలు ఆపి తల ఎత్తింది.

“కొలత సరిపోయింది అన్నయ్యా,” అంది.